కౌమారంలో శరీర బరువు చింత: ఒక సాంఘిక చరిత్ర

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• శరీర బరువు గురించిన చింత ఏ చారిత్రక పరిస్థితులలో పుట్టిందో వివరించగలుగుతారు.
• తూకం యంత్రం, కెలోరీ, బీమా పట్టిక, ప్రకటన అనే నాలుగూ ఆ చింతకు ఎలా రూపమిచ్చాయో చర్చించగలుగుతారు.
• కౌమార దశలోని బాలబాలికలు తిండి మానుకోవడాన్ని వ్యక్తిగత బలహీనతగా కాక, సాంఘిక మార్పులో భాగంగా అర్థం చేసుకోగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మాటలను ఒకసారి గుర్తు చేసుకోండి. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లను చూసి నాయనమ్మ "కాస్త ఒళ్ళు చేశావే" అంటే అది సంతోషంతో అన్న మాట. "ఇలా చిక్కిపోయావేమిటే" అంటే ఆందోళన. పుష్టిగా ఉండటం ఆరోగ్యానికీ కలిమికీ గుర్తు. చిక్కిపోవడం జబ్బుకో దిగులుకో లేమికో గుర్తు. ఇప్పుడు అదే నాయనమ్మ అదే మాట అంటే, పదహారేళ్ళ మనవరాలు ఆ రాత్రి అన్నం మానేయవచ్చు. మాట మారలేదు, దాని విలువ తలకిందులైంది. ఇలాంటి తలకిందులు ఎక్కడ కనిపించినా చరిత్ర విద్యార్థి ఆగి కారణం అడగాలి.

కౌమారంలో అందం గురించి, ఒంటి గురించి పిల్లలు ఆలోచించడం సహజమేనని మనం సాధారణంగా సరిపెట్టుకుంటాం. కొంతవరకు అది నిజమే. కాని "నా బరువు ఎంత? అది ఎంత ఉండాలి? ఎలా తగ్గించాలి?" అనే ప్రశ్నలు సహజమైనవి కావు. బరువు ఒక అంకెగా మారిన తరవాతనే వాటిని అడగటం సాధ్యమైంది. ఆ మార్పును మొదట అమెరికా చరిత్రలో పరిశీలిద్దాం. ఎందుకంటే ఇది అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తరాలు, దినచర్యలు, ప్రకటనలు, ప్రభుత్వ పత్రాలు ఆధారాలుగా దొరుకుతాయి. ఆ తరవాత ఫిజీకి, చివరకు మన దగ్గరకు వద్దాం.

మీలో కొందరు ఇంకా ఇరవై దాటనివారు. మరికొందరు ఆ వయసు పిల్లలకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు. ఎవరైనా సరే, ఈ పాఠం పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదని చదువుతుండగా మీకే తెలుస్తుంది.

2. ఒకే కళాశాల, రెండు తరాలు

1873లో బోస్టన్‌కు చెందిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు ఆడపిల్లల చదువు మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే ఒంట్లోని శక్తి అంతా మెదడుకు ఖర్చయిపోతుందని, దాంతో వారి ఆరోగ్యమూ సంతానశక్తీ దెబ్బతింటాయని అందులో వాదించాడు. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయినా ఆ వాదం బాగా ప్రచారంలోకి వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1875లో, మాసచూసెట్స్ రాష్ట్రంలో స్మిత్ మహిళా కళాశాల తలుపులు తెరిచింది.

ఆ తొలి తరం విద్యార్థినుల ఉత్తరాలను మార్గరెట్ ఎ. లో అనే చరిత్రకారిణి పరిశీలించింది. హాస్టల్లో బాగా తింటున్నామని, బరువు పెరిగామని వారు ఇంటికి గర్వంగా రాసుకున్నారు. ఆ గర్వం ఎందుకో మీరు ఊహించగలరు. చదువు ఆడపిల్లను క్షీణింపజేస్తుందన్న వాదానికి పెరిగిన బరువే జవాబు. కూతురు చదువుకుంటూ ఆరోగ్యంగా ఉందని తల్లిదండ్రులకు అది భరోసా. అంటే ఆ తరానికి బరువు పెరగడం చదువుకొనే హక్కుకు సాక్ష్యం.

1920ల నాటికి అదే కళాశాలలో పరిస్థితి మారిపోయింది. విద్యార్థినులు బరువు తగ్గడానికి భోజనం తగ్గించుకుంటున్నారు. ఈ ధోరణి ఎంత ముదిరిందంటే, దాని ప్రమాదం గురించి కళాశాల పత్రికలోనే చర్చ జరిగింది. ఊరు అదే, కళాశాల అదే, దాదాపు అదే వర్గానికి చెందిన కుటుంబాల పిల్లలు. మధ్యలో గడిచింది నలభై యాభై ఏళ్ళు మాత్రమే. అట్లాంటాలోని నల్లజాతి మహిళల కళాశాల స్పెల్‌మన్‌లో ఆ కాలంలో ఈ ధోరణి అంతగా కనిపించదని కూడా ఆమె గుర్తించింది. కాబట్టి ఈ మార్పును వయసు ఒక్కటే వివరించలేదు. వయసే కారణమైతే అన్ని చోట్లా, అన్ని తరాలలోనూ ఒకేలా ఉండాలి కదా.

జోన్ జేకబ్స్ బ్రుంబర్గ్ అనే మరో చరిత్రకారిణి అమెరికన్ బాలికల దినచర్య పుస్తకాలను ఆధారం చేసుకొని 1997లో ఒక గ్రంథం వెలువరించింది. పంతొమ్మిదో శతాబ్దపు బాలిక తనను తాను మెరుగుపరచుకోవాలనుకున్నప్పుడు మాట తీరు, ఓర్పు, ఇతరుల పట్ల శ్రద్ధ వంటి గుణాల గురించి రాసుకొంది. ఇరవయ్యో శతాబ్దం చివరి నాటి బాలిక బరువు, జుట్టు, బట్టల గురించి రాసుకొంది. మంచి మనిషిని కావాలన్న తపన రెండు కాలాల్లోనూ ఉంది. కాని ఆ తపన గుణం నుంచి ఒంటి మీదకు మళ్ళింది.

3. బరువు అంకెగా మారిన విధం

ఈ యాభై ఏళ్ళలో జరిగినదేమిటి? వేర్వేరు అవసరాలకోసం పుట్టిన కొన్ని కొలతలు ఒకచోట చేరాయి. వాటిలో ఏదీ కౌమార బాలికల కోసం పుట్టింది కాదు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి.

మొదటిది, ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తి. బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో మనుషుల ఎత్తు, బరువులను సేకరించి, వయోజనులలో బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని చూపాడు. ఆయన వెతికింది జనాభా సగటును. ఒక వ్యక్తి ఆరోగ్యాన్ని కాదు. ఆ నిష్పత్తికే 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టింది. ఇవాళ మనం బి.ఎమ్.ఐ. అంటున్నది దాన్నే.

రెండోది, ఆహార నియమం. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే వ్యక్తి తాను బరువు తగ్గిన విధానాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆయన అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి, వయసు అరవై దాటింది, బరువు 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు. రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు తగ్గించడం ఆయన పద్ధతి. ఆ పుస్తకం ఎంత ప్రసిద్ధి పొందిందంటే, బరువు తగ్గించుకోవడానికి ఆయన పేరుమీద ఇంగ్లీషులో ఒక క్రియాపదమే ఏర్పడింది. అంటే ఆహార నియమం మొదట నడివయసు దాటిన, కలిగిన మగవారి వ్యవహారం.

మూడోది కెలోరీ. 1890లలో విల్బర్ అట్వాటర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆహార పదార్థాల శక్తిని కొలిచి పట్టికలు తయారుచేశాడు. తక్కువ కూలితో కార్మిక కుటుంబం తగినంత పోషణ ఎలా పొందగలదన్నది ఆయన ప్రశ్న. పేదవాడి కడుపు నింపడానికి పుట్టిన ఆ లెక్కను 1918లో లాస్ ఏంజెలెస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్ తిండి తగ్గించడానికి వాడింది. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఆహారం పొదుపు చేయడం దేశభక్తి అన్న ప్రచారం సాగుతున్నది. లావుగా ఉండటం ఆహారాన్ని దాచిపెట్టుకోవడమే అన్న భావాన్ని ఆమె పుస్తకం ఆ ప్రచారానికి జోడించింది. రోజుకు 1,200 కెలోరీలతో సరిపెట్టుకోమని చెప్పింది. ఆ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. బరువు ఆరోగ్య విషయం నుంచి నీతి విషయంగా మారిన మలుపుల్లో ఇది ఒకటి.

నాలుగోది బీమా పట్టిక. 1942, 1943 సంవత్సరాలలో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ స్త్రీలకు, పురుషులకు 'ఆదర్శ బరువు' పట్టికలు ప్రకటించింది. ఏ బరువు గల పాలసీదారు ఎక్కువ కాలం బతుకుతాడన్న వ్యాపార లెక్క వాటికి ఆధారం. ఆ పట్టికలు 25 ఏళ్ళు, ఆపైవారికి ఉద్దేశించినవి. ఎదుగుతున్న శరీరానికి అవి వర్తించవు. కౌమారంలో, ముఖ్యంగా ఆడపిల్లలలో, ఒంట్లో కొవ్వు శాతం పెరగడం ఎదుగుదలలో భాగం. ఇప్పటికీ వయోజనుల బి.ఎమ్.ఐ. హద్దులను ఆ వయసుకు నేరుగా వాడకూడదు. 5 నుంచి 19 ఏళ్ళవారికోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయసునుబట్టి వేరే ప్రమాణాలు ఇచ్చింది.

ఈ కొలతలన్నిటినీ ఇంటింటికీ చేర్చింది తూకం యంత్రం. పంతొమ్మిదో శతాబ్దం చివరలో నాణెం వేస్తే పనిచేసే తూకాలు రైల్వే స్టేషన్లలో, దుకాణాలలో వెలిశాయి. 1920ల నాటికి చిన్న తూకాలు స్నానపు గదులలోకి వచ్చాయి. అందరి మధ్య ఎప్పుడో సరదాగా చూసుకొనే బరువు, తలుపు వేసుకొని రోజూ చూసుకొనే బరువు అయింది. అదే కాలంలో కొలిచి కుట్టే బట్టల బదులు సైజు అంకెలతో తయారు దుస్తులు వచ్చాయి. ఇదివరకు బట్టను ఒంటికి సరిచేసేవారు. ఇప్పుడు బట్ట పట్టకపోతే తప్పు ఒంటిది అయింది.

4. భయం సరుకైన కాలం

1920లలో అమెరికా, ఐరోపాలలో పొట్టి జుట్టు, మోకాళ్ళ వరకు గౌను, సన్నని ఆకారం ఆధునిక యువతికి గుర్తుగా మారాయి. స్త్రీలకు ఓటు హక్కు వచ్చిన రోజులు అవి. సన్నగా ఉండటం పాత కట్టుబాట్లనుంచి విడుదలగా కూడా కనిపించింది. బిగుతైన కార్సెట్టు పోయింది. దాని పని ఇక తిండి మీద అదుపు చేయవలసి వచ్చింది. ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోండి.

వ్యాపారం దీన్ని త్వరగానే పసిగట్టింది. 1928లో ఒక ప్రసిద్ధ సిగరెట్ కంపెనీ, తీపి తినాలనిపించినప్పుడు దాని బదులు తమ సిగరెట్ తాగమని స్త్రీలకు ప్రకటనలిచ్చింది. మిఠాయి వ్యాపారులు గొడవ చేశారు కాని అప్పటికే అమ్మకాలు పెరిగాయి.

1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డైనైట్రోఫినాల్ అనే రసాయనం శరీరంలో దహనక్రియను పెంచి బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. అంతకుముందు ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాలలో ఈ పదార్థం కార్మికుల ప్రాణాలు తీసింది. అయినా ఏడాది తిరిగేలోగా లక్షమందికి తక్కువ కాకుండా దాన్ని వాడి ఉంటారని ఆ పరిశోధకులే అంచనా వేశారు. కొందరికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. కొందరు ఒళ్ళు కాలిపోయేంత జ్వరంతో చనిపోయారు. అప్పటి చట్టం లావును జబ్బుగా పరిగణించనందున ఆ పదార్థం మందుల నియంత్రణ కిందికే రాలేదు. 1938లో కొత్త చట్టం వచ్చిన తరవాత దాన్ని మార్కెట్ నుంచి తొలగించగలిగారు. ఈనాటికీ అది దొంగచాటుగా అమ్ముడవుతూ యువకుల ప్రాణాలు తీస్తూనే ఉంది. "కొన్ని రోజుల్లో ఇన్ని కిలోలు" అనే ప్రకటన ఎక్కడ చూసినా మీకు ఈ ఉదంతం గుర్తుకు రావాలి.

1940లలో 'టీనేజర్' అనే మాట వాడుకలో స్థిరపడింది. 1944లో ఆ వయసు ఆడపిల్లలకోసమే సెవెంటీన్ అనే పత్రిక మొదలైంది. చేతి ఖర్చుకు డబ్బున్న కొత్త కొనుగోలుదారు వర్గం ఏర్పడింది. ఆ దశాబ్దం చివరికే కెలోరీల పాఠాలు ఆ పత్రిక పుటలకు ఎక్కాయి. 1966లో లండన్‌లో ట్విగ్గీ అనే పదహారేళ్ళ మోడల్ ప్రసిద్ధి పొందింది. ఆ పేరుకు అర్థం పుల్లలాంటిది అని. ఇక ఆదర్శం పెద్దమనిషైన స్త్రీ కాదు, ఇంకా ఎదగని బాలిక. ఎదగడం ఆ వయసు పని. ఎదగకుండా ఉండటం ఆ వయసు ఆదర్శమైంది.

5. ఉపవాసం, రోగం, ఆకలి

"ఆడపిల్లలు తిండి మానుకోవడం ఎప్పుడూ ఉన్నదే కదా" అని మీరు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. పద్నాలుగో శతాబ్దపు ఇటలీలో సియెనాకు చెందిన కేథరిన్ కఠినమైన ఉపవాసాలు చేసి, 33 ఏళ్ళకు 1380లో మరణించింది. కాని ఆమె కోరింది దైవ సాన్నిధ్యం, సన్నదనం కాదు. చేసిన పని ఒకటే అయినా అర్థం వేరు. చర్యను దాని కాలంలో పెట్టి చదవాలన్నది చరిత్ర రచనలో మొదటి సూత్రం.

1873లో పారిస్‌లో షార్ల్ లాసెగ్, లండన్‌లో విలియం గల్ అనే వైద్యులు, శారీరక కారణమేదీ లేకుండా తిండి మానేసి క్షీణిస్తున్న యువతులను ఒక ప్రత్యేక రోగం గలవారిగా వర్ణించారు. గల్ దానికి 'అనరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టాడు. లావవుతామన్న భయాన్ని ఆ తొలి వర్ణనలు ప్రధాన లక్షణంగా చెప్పవు. ఆ భయం రోగ నిర్వచనంలోకి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. 1979లో జెరాల్డ్ రసెల్ అనే వైద్యుడు అతిగా తిని వాంతి చేసుకొనే మరో స్థితిని 'బులీమియా నెర్వోసా' అని గుర్తించాడు. కౌమారంలోనే ఆహార నియమాలు మొదలుపెట్టిన గాయని కారెన్ కార్పెంటర్ 1983లో 32 ఏళ్ళకు మరణించాకే సామాన్య ప్రజలు ఈ రోగం పేరు విన్నారు.

ఇక్కడ ఒక ప్రయోగం గురించి తెలుసుకోవడం అవసరం. ఆన్సెల్ కీస్ 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కెలోరీలే ఇచ్చాడు. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పక, స్వచ్ఛందంగా ఈ ప్రయోగానికి వచ్చినవారు వారు. కొన్ని వారాలకే వారికి తిండి తప్ప మరో ధ్యాస లేకపోయింది. వంటల పుస్తకాలు చదివారు, పళ్ళాలు నాకారు, స్నేహితులకు దూరమయ్యారు, చిరాకు, దిగులు పెరిగాయి. ఆహారం తిరిగి ఇచ్చిన తరవాత కూడా చాలామందికి తిండిమీద అదుపు వెంటనే రాలేదు. వారిలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. ఆకలి ఒక్కటే వారిని అలా మార్చింది. కాబట్టి, తిండి మానుకొని, తరవాత ఆగలేక తిని, తనను తాను తిట్టుకొనే అమ్మాయిది మనోబలం లేకపోవడం కాదు. శరీరం తనను తాను కాపాడుకొంటున్నది.

6. ఫిజీ అనుభవం

ఇంతవరకు చూసిన మార్పు ఒక శతాబ్దంలో జరిగింది. అది కొన్నేళ్ళలోనే జరగగలదా? దీనికి ఫిజీ దీవులు జవాబిస్తాయి. 1903 నుంచి మద్రాసు ఓడరేవు ద్వారా ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి కూడా ఆ దేశంలో ఉంది. అయితే ఇక్కడ చెప్పబోయే అధ్యయనం ఫిజీ మూలవాసుల కుటుంబాల బాలికలది.

అక్కడి సంప్రదాయంలో నిండైన శరీరం, మంచి ఆకలి మెచ్చుకోలుకు అర్హమైనవి. ఎవరైనా చిక్కిపోతే ఆ ఇంటివారూ ఊరివారూ సరిగా చూసుకోలేదన్నమాట. మన నాయనమ్మ మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది. నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అమెరికన్ పరిశోధకురాలు ఆన్ బెకర్ ఆ సంవత్సరం 63 మంది, తిరిగి 1998లో 65 మంది పాఠశాల బాలికలను ప్రశ్నించింది. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి గలవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకొనేవారు 1995లో ఒక్కరూ లేరు, 1998లో 11.3 శాతం.

సంఖ్యలకన్నా ఆ బాలికలు చెప్పిన కారణాలు ముఖ్యమైనవి. తెరమీది స్త్రీలు సన్నగా ఉన్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. తామూ అలా ఉంటే ఉద్యోగం దొరుకుతుందని వారు ఆశపడ్డారు. అది ఉత్త సోకు కాదు. మారుతున్న ప్రపంచంలో చోటు సంపాదించుకోవాలన్న ఆరాటం. అయితే ఒక జాగ్రత్త అవసరం. రెండుసార్లు ప్రశ్నించినవారు వేర్వేరు బాలికలు, సంఖ్య కూడా చిన్నది. పైగా ఆ ఏళ్ళలో డబ్బు, చదువు, రవాణా కూడా మారుతున్నాయి. టెలివిజన్ ఒక్కటే కారణమని తేల్చడం తొందరపాటు అవుతుంది.

7. మగపిల్లల మాట

మగపిల్లలలో ఈ చింత తరచు తలకిందులుగా కనిపిస్తుంది. సన్నగా ఉన్నామన్నది వారి బాధ. అమెరికాలో చార్లెస్ అట్లస్ తన వ్యాయామ పాఠాలకు ఇచ్చిన ప్రకటనలలో బక్కపలచని కుర్రవాడు అందరిచేతా అవమానం పాలవుతాడు. కండలు పెంచి పగ తీర్చుకుంటాడు. జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను మనిషి ఎత్తుకు పెంచి లెక్కిస్తే, 1964 బొమ్మకు జబ్బ చుట్టుకొలత సుమారు 12 అంగుళాలు, 1998 బొమ్మకు సుమారు 27 అంగుళాలు అని 1999లో పరిశోధకులు చూపారు.

మన ప్రాంతంలో వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో దేశమంతటా పేరు పొందాయి. అప్పటి వ్యాయామశాల ఆదర్శం మోయగల బరువు, ఆపగల బండి. అంటే ఒళ్ళు ఏం చేయగలదన్నది. నేటి జిమ్ముల్లో అద్దానికి పెరిగిన ప్రాధాన్యం, ఒళ్ళు ఎలా కనిపిస్తుందన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఈ రెంటికీ తేడా గమనించండి.

8. మన సందర్భం

మన దేశంలో పోషకాహార శాస్త్రం ఆకలి, లోపం అనే సమస్యలతో మొదలైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు మూలం 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై ప్రారంభమైన పరిశోధన. అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూచి పట్టికలో చుక్క పెడతారు. ఆ గీత పైకి వెళితే తల్లి ముఖం వెలుగుతుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీది రంగురంగుల తూకం యంత్రం ఇచ్చిన అట్టముక్కమీద బరువుతోపాటు జోస్యం, సినిమా తార బొమ్మ ఉండేవి. ఆ బరువును ఎవరూ తీర్పుగా తీసుకోలేదు. అది ప్రయాణంలో ఒక వేడుక.

ఇప్పుడు ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు తూకాలు పనిచేస్తున్నాయి. చిన్నపిల్ల బరువు పెరగలేదని దిగులు. పెద్దపిల్ల బరువు పెరిగిందని దిగులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. వారిలో ఒకరు సన్నబడటానికి పొద్దుటి టిఫిను మానేస్తే ఆమె పోగొట్టుకొనేది కొవ్వు కాదు. ఉన్న కాస్త రక్తాన్ని, చదువుమీది ధ్యాసను. మరోవైపు, చిన్న వయసులో ఊబకాయం, మధుమేహం పెరుగుతున్న మాట నిజం. కాని దానికి ఉపాయం ఆట, నిద్ర, వేళకు ఇంటి భోజనం, అవసరమైతే వైద్యుడి సలహా. ఎగతాళి కాదు, ఉపవాసం అంతకన్నా కాదు.

మీ ఇంట్లోనో తరగతిలోనో ఎవరైనా నలుగురితో కలిసి తినడం మానేస్తే, తిన్న వెంటనే స్నానపు గదికి వెళుతుంటే, నెలసరి ఆగిపోతే, ఒళ్ళు గురించి తప్ప మరేదీ మాట్లాడకపోతే, అది వైద్యసహాయం అందించవలసిన పరిస్థితి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌ను 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు.

9. సారాంశం

బరువు చింత కౌమారంతోపాటు పుట్టింది కాదు. సగటును వెతికిన గణాంకం, కార్మికుల పోషణకోసం పుట్టిన కెలోరీ, బీమా వ్యాపారపు పట్టిక, ఇంట్లోకి వచ్చిన తూకం, సైజు అంకెల దుస్తులు, భయాన్ని అమ్మిన ప్రకటనలు కలిసి దాన్ని తయారుచేశాయి. స్మిత్ కళాశాలలో ఒక తరానికి హక్కుకు సాక్ష్యమైన బరువు, తరవాతి తరానికి సిగ్గుపడవలసిన విషయమైంది. ఫిజీలో అలాంటి మార్పే మూడేళ్ళలో కనిపించింది. మనుషులు తయారుచేసుకొన్న విలువను మనుషులు మార్చుకోగలరు కూడా. ఆ మార్పు ఒక శాసనంతోనే రానక్కరలేదు. ఇంటికి వచ్చిన పిల్లను చూడగానే ఒళ్ళు గురించి కాక, చదువు గురించో స్నేహితుల గురించో మొదట అడగటంతో కూడా మొదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్మిత్ కళాశాల తొలి విద్యార్థినులు బరువు పెరగడాన్ని ఎందుకు గర్వంగా చెప్పుకొన్నారు?
2. బీమా సంస్థ 'ఆదర్శ బరువు' పట్టికలను కౌమార దశవారికి ఎందుకు వర్తింపజేయరాదు?
3. కేథరిన్ ఉపవాసాన్నీ నేటి బాలిక ఆహార నియమాన్నీ ఒకే గాటన కట్టవచ్చా? చర్చించండి.
4. ఫిజీ అధ్యయనం నుంచి ఏ నిర్ధారణలు చేయవచ్చు? ఏవి చేయరాదు?
5. మీ ఇంట్లో మూడు తరాల స్త్రీలను అడిగి, ఒంటి తీరును వర్ణించడానికి వారు వాడే తెలుగు మాటలను సేకరించండి. ఏ మాట ఎప్పుడు మెచ్చుకోలుగా, ఎప్పుడు నిందగా వినిపిస్తుందో ఒక పుటలో రాయండి.